గుంటూరు–ప్రకాశం మైదానాల ఎయిర్‌స్ట్రిప్‌లు: రాకపోకలు, భద్రత

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో టికెట్టు కొని ఎక్కే విమానం దిగే చోటు లేదు. ఈ ప్రాంతం వాళ్లు కృష్ణ దాటి గన్నవరానికో, లేదంటే హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి విమానం ఎక్కుతారు. అంతమాత్రాన ఇక్కడ రన్‌వేలు లేవని కాదు. నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్‌లో డ్యామ్ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పశ్చిమ ప్రకాశంలో దొనకొండ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన క్షేత్రం ఉంది. అద్దంకి సమీపంలో జాతీయ రహదారిమీదే వైమానిక దళం కోసం కట్టిన అత్యవసర రన్‌వే ఉంది. వీటికి తోడు హెలిప్యాడ్‌లు, పొలాలమీద తిరిగే మందు డ్రోన్లు ఉన్నాయి. వీటిలో పాత రన్‌వేలు మొదట అనుకున్న పనికే చివరిదాకా నిలవలేదు. పని మారిన ప్రతిసారీ ప్రమాద కారణాలూ మారాయి. ఆ మార్పులే ఈ వ్యాస విషయం.

నిర్వచనం, పరిధి

వేళల పట్టిక ప్రకారం నడిచే విమాన సంస్థల సర్వీసులు, సైనిక విమానాలు పోగా మిగిలిన పౌర విమానయానాన్ని వాడుకలో జనరల్ ఏవియేషన్ అంటారు. పైలట్ శిక్షణ, సొంత విమానాల ప్రయాణాలు దీని కిందికి వస్తాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిర్వచనం ఇంకొంచెం బిగువుగా ఉంటుంది. పొలాలకు మందు చల్లడం, సర్వే వంటివాటిని అది వైమానిక సేవల కింద వేరుగా చూపుతుంది. అద్దె హెలికాప్టర్లను, చార్టర్ విమానాలను మన దేశంలో నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ల కింద లెక్కిస్తారు. ఒకే చిన్న రన్‌వే ఈ పనులన్నిటికీ ఆధారం కావచ్చు కాబట్టి ఇక్కడ వాటన్నిటినీ కలిపే చూస్తున్నాం. సైనిక అవసరానికి అద్దంకి సమీపంలో కట్టిన కొరిశపాడు రహదారి రన్‌వే నిర్వచనం ప్రకారం దీని పరిధిలోకి రాదు. అయినా ఈ మైదానాల విమానయాన చరిత్రలో దాన్ని వదిలేయడం కుదరదు.

ఎయిర్‌స్ట్రిప్‌కూ పూర్తిస్థాయి విమానాశ్రయానికీ తేడా రన్‌వే పొడవులో కన్నా చుట్టూ ఉండే ఏర్పాట్లలో ఉంటుంది. విమానాశ్రయంలో కంట్రోల్ టవర్, అగ్నిమాపక దళం, వాతావరణ కేంద్రం, చుట్టూ గోడ, పగలూ రాత్రీ కాపలా ఉంటాయి. టవర్ లేని ఎయిర్‌స్ట్రిప్‌లో పైలట్లు తామెక్కడున్నదీ, ఏం చేయబోతున్నదీ రేడియోలో చెప్పుకుంటూ, కళ్లతో చూసుకుంటూ దిగాలి.

నేల, గాలి, ఎండ

తూర్పున సముద్రం, పడమట నల్లమల, ఉత్తరాన కృష్ణానది. మధ్యలో నల్లరేగడి నేలలు, అక్కడక్కడ కొండవీడు వంటి గుట్టలు. చిన్న విమానానికి ఇది చాలావరకు అనువైన భూమి. ఇంజిన్ ఆగిపోతే దిగడానికి పొలాలు దొరుకుతాయి. కోత అయిపోయిన వేసవిలో ఇంకా ఎక్కువ దొరుకుతాయి. కంటిచూపుతో దారి పట్టుకునే పైలట్‌కు సాగర్ జలాశయం, అక్కడినుంచి బయల్దేరే కుడికాలువ, గుంటూరు–నంద్యాల రైలుమార్గం చక్కని ఆనవాళ్లు.

ఇబ్బంది ఎండతో వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వేసవి ఉష్ణోగ్రతలకు పేరుమోసిన రెంటచింతల ఈ పల్నాటిలోనే, మాచర్ల దాపునే ఉంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ లాగే శక్తి తగ్గుతుంది. దీన్ని సాంద్రత ఎత్తుగా లెక్కిస్తారు. ప్రామాణిక ఉష్ణోగ్రతకు మించిన ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగులు కలపాలి. సాగర్ జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీలకు కాస్త తక్కువ. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉందనుకుంటే తేడా 31 డిగ్రీలు. అంటే విమానం 590 అడుగుల దగ్గర కాదు, దాదాపు 4,300 అడుగుల ఎత్తున్న కొండ ఊరినుంచి లేస్తున్నట్టు ప్రవర్తిస్తుంది. పరుగు ఎక్కువ కావాలి, పైకెక్కడం నెమ్మదిస్తుంది. శిక్షణ విమానాలను వేసవిలో పొద్దున్నే ఎగరేయడానికి ఇదొక ముఖ్య కారణం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను ఈ తీరాన్నీ దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చలికాలం ఉదయాల్లో పొలాలమీద మంచు పరుచుకుని చూపు తగ్గుతుంది. రుతుపవనాల్లో నల్లమల శిఖరాలను మబ్బులు కప్పేస్తాయి.

నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నీళ్లు వదిలారు. అంత పెద్ద నిర్మాణానికి ఇంజినీర్లు, మంత్రులు, విదేశీ అతిథులు వచ్చిపోతుండేవారు. ఆ రాకపోకల అవసరానికి కుడిగట్టున, విజయపురి సౌత్‌లో ఈ ఎయిర్‌స్ట్రిప్ ఏర్పడింది. అప్పట్లో ఇది గుంటూరు జిల్లా మాచర్ల ప్రాంతం. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది.

డ్యామ్ పూర్తయ్యాక రాకపోకలు పలచబడ్డాయి. ఎప్పుడో ఒక ప్రముఖుడి పర్యటనకు తప్ప వాడకం లేని రన్‌వేకు ఏమవుతుందో ఇలాంటి చోట్లన్నిటా ఒకటే కథ. తారు పగుళ్లిస్తుంది, పగుళ్లలో గడ్డి మొలుస్తుంది, గడ్డికి పశువులొస్తాయి. మనుషులకు అది అడ్డదారి అవుతుంది. అలా వాడకం తగ్గిన రన్‌వేకు రెండో జీవితం ఇచ్చింది పైలట్ శిక్షణ. హైదరాబాద్‌కు చెందిన ఫ్లైటెక్ ఏవియేషన్ అకాడమీ ఇక్కడినుంచి శిక్షణ విమానాలు నడిపింది.

శిక్షణ సంస్థలు పెద్ద నగరాలను వదిలి ఇలాంటి చోటికి రావడానికి బలమైన కారణం ఉంది. హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేట 2008 మార్చిలో వాణిజ్య సర్వీసులకు మూతపడినా అక్కడి ఆకాశం ఖాళీ కాలేదు. శంషాబాద్ రాకపోకలు, దుండిగల్, హకీంపేట వైమానిక దళ శిక్షణ అన్నీ ఆ పరిసరాల్లోనే. వాటి మధ్య విద్యార్థికి గంటలు దొరకడం కష్టం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీస వయసు 18 ఏళ్లు, కనీసం 200 గంటల ఎగురుడు కావాలి. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు, 40 గంటలు. స్టూడెంట్ పైలట్ లైసెన్సు 16 ఏళ్లకే ఇస్తారు. ఆ గంటలు త్వరగా పూర్తికావాలంటే ఖాళీ ఆకాశం, ఎదురుచూపు లేని రన్‌వే కావాలి. సాగర్‌లో ఆ రెండూ ఉన్నాయి.

శిక్షణ వచ్చాక రన్‌వే వాడకం తీరే మారిపోయింది. ప్రముఖుల విమానం నెలలో ఒకటి దిగితే, శిక్షణ విమానం ఒక ఉదయంలోనే పదేపదే లేచి దిగుతుంది. రన్‌వేకు సమాంతరంగా వెయ్యి అడుగుల ఎత్తున దీర్ఘచతురస్రాకారంలో తిరిగి మళ్లీ దిగడాన్ని సర్క్యూట్ అంటారు. మొదట ఉపాధ్యాయుడు పక్కన కూర్చుంటాడు. ఆ తర్వాత విద్యార్థి ఒంటరిగా ఎగరాలి. అదే సోలో. పిమ్మట ఊళ్లు దాటి వెళ్లి వచ్చే క్రాస్ కంట్రీ. ప్రతి లాండింగూ రన్‌వేకు ఒక దెబ్బ, టైర్లకు ఒక దెబ్బ, విద్యార్థికి ఒక పాఠం.

ఇలాంటి శిక్షణలో ఎక్కువగా వాడేది సెస్నా 152. ఇద్దరు కూర్చునే, ఒకే ఇంజిన్ ఉన్న, రెక్క పైన ఉండే విమానం. గరిష్ఠ బరువు 757 కిలోలు. సముద్రమట్టంలో మామూలు వాతావరణంలో సుమారు 220 మీటర్ల పరుగుతో నేల వదులుతుంది. నెమ్మదిగా ఎగురుతుంది, తప్పు చేసినా కొంత ఓర్చుకుంటుంది, అందుకే ప్రపంచమంతా దీనిమీద నేర్చుకున్నవాళ్లే. కాకపోతే దీని తయారీ 1985లో ఆగిపోయింది. ఇవాళ ఎగిరే ప్రతి సెస్నా 152 వయసూ నలభై ఏళ్ల పైమాటే. విమానానికి వయసు దానంతట అది దోషం కాదు. భాగాలు గంటల లెక్కన మారుస్తారు, ఇంజిన్ విప్పి కడతారు. కానీ ఆ పని ఎంత శ్రద్ధగా జరిగిందన్నదే ప్రాణాధారం. ఊరికి దూరంగా ఉన్న స్ట్రిప్‌లో ఆ శ్రద్ధను బయటివాళ్లు చూసే అవకాశం తక్కువ.

2022 ఫిబ్రవరి 26 ప్రమాదం

ఆ రోజు ఉదయం ఈ స్ట్రిప్ నుంచి ఒక ట్రైనీ పైలట్ సెస్నా 152లో సోలోగా బయల్దేరింది. విమానం కృష్ణకు అవతల, తెలంగాణలోని నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. ఆమె అక్కడికక్కడే మరణించింది. దర్యాప్తు విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ (ఏఏఐబీ) చేతికి వెళ్లింది.

ఈ ఘటనలో స్థలానికి సంబంధించిన ఒక సంగతిని విడిగా గమనించాలి. రన్‌వే ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, విమానం పడింది తెలంగాణలో. నది దాటడానికి విమానానికి నిమిషాలు చాలు. నేలమీద మాత్రం అవతలి గట్టు పోలీసులు, రెవెన్యూ సిబ్బంది, ఆసుపత్రి వేరు. రాష్ట్ర సరిహద్దు పక్కన ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌కు అత్యవసర ప్రణాళిక రెండు జిల్లాల యంత్రాంగాన్నీ కలిపే ఉండాలి.

ఈ పరిసరాల్లో కరెంటు తీగలు మరో విషయం. సాగర్ ప్రధాన జల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. రెండు కాలువల దగ్గరా వేరే కేంద్రాలు ఉన్నాయి. అక్కడినుంచి హైటెన్షన్ లైన్లు అన్ని దిక్కులకూ సాగుతాయి. పైనుంచి చూసే పైలట్‌కు టవరు కనిపిస్తుంది కానీ తీగ కనిపించదు. సన్నని బూడిదరంగు తీగ ఎండిన పొలం రంగులో కలిసిపోతుంది. ఇంజిన్ మొరాయించి పొలంలో దించాలనుకునే వాళ్లకు ఆఖరి వంద అడుగుల్లో ఇదే పెద్ద గండం. అందుకే టవర్లను ముందు చూసుకుని, రెండు టవర్ల మధ్య తీగ ఉందనే భావించి, టవరు పైనుంచే దాటాలని నేర్పుతారు.

2022 ప్రమాదం తెలుగు నేలమీద ఒంటరి సంఘటన కాదు. 2019 అక్టోబరు 6న బేగంపేట నుంచి బయల్దేరిన రాజీవ్ గాంధీ ఏవియేషన్ అకాడమీ సెస్నా 172 వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర కూలి ఇద్దరు ట్రైనీలు మరణించారు. 2022 మార్చి నుంచి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) దేశవ్యాప్తంగా శిక్షణ సంస్థలను తనిఖీ చేసింది. కొన్నిచోట్ల రన్‌వే ఉపరితలం చెడిపోయి ఉందని, గాలి దిశ చూపే విండ్‌సాక్ చినిగి ఉందని, ఎగిరే ముందు చేయాల్సిన మద్యం పరీక్షలు జరగడం లేదని అప్పుడు బయటపడింది. ఇది దేశం మొత్తంమీద తేలిన సంగతి, ఫలానా స్ట్రిప్‌కు చెందినది కాదు. అయినా విండ్‌సాక్ సంగతి ఒకటి చాలు. అది గుడ్డ గొట్టం, దానికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఒంటరిగా దిగబోయే పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఎదురుగాలి ఎటునుంచి వీస్తోందో చెప్పేది అదే. దాన్ని మార్చని చోట కనపడని పనులు ఎలా జరుగుతున్నాయన్న అనుమానం సహజం.

దొనకొండ విమాన క్షేత్రం

పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ గుంటూరు–నంద్యాల రైలుమార్గంలో, మీటర్‌గేజి రోజుల్లో లోకో షెడ్డుతో వెలిగిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ విమాన క్షేత్రం వాడింది. జపాన్ బెదిరింపు తూర్పు తీరందాకా వచ్చిన రోజులవి. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడలమీద బాంబులు పడ్డాయి. తీరానికి కాస్త లోపల, రైలు అందుబాటులో, విమానాలు దిగి ఇంధనం నింపుకునే చోట్లు అవసరమయ్యాయి.

యుద్ధం ముగిశాక ఆ అవసరం పోయింది. ప్రస్తుతం ఇది భారత విమానాశ్రయాల సంస్థ వద్ద పనిచేయని విమానాశ్రయాల జాబితాలో ఉంది. రాష్ట్ర విభజన సమయంలో కొత్త రాజధానికి దొనకొండ పేరు గట్టిగా వినిపించినప్పుడు ఈ భూమి మళ్లీ చర్చలోకి వచ్చింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం రక్షణ పరిశ్రమల ప్రణాళికలో జగ్గయ్యపేట–దొనకొండను క్షిపణి, మందుగుండు తయారీ క్లస్టర్‌గా పేర్కొంది. ఆ పరిశ్రమ వస్తే రన్‌వే అవసరం మళ్లీ పుడుతుంది. అయితే పేలుడు పదార్థాల తయారీ పక్కన పౌర విమానాలకు ఎంతవరకు చోటుంటుందన్నది వేరే లెక్క.

వాడని రన్‌వే ప్రమాదాన్ని మూడు మాటల్లో చెప్పవచ్చు: పటంలో ఉంటుంది, నేలమీద ఉండదు, పైలట్‌కు తెలియదు. ఇంజిన్ ఆగి అటు తిరిగిన విమానానికి అక్కడ గుంతలో, కంపచెట్లో ఎదురుకావచ్చు. వైమానిక సమాచార ప్రచురణల్లో అలాంటి స్ట్రిప్‌ల స్థితిని ఎప్పటికప్పుడు సవరించడం అందుకే ముఖ్యం.

కొరిశపాడు రహదారి రన్‌వే

చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి 16మీద, అద్దంకి ప్రాంతంలోని కొరిశపాడు–రేణింగవరం మధ్య 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు రన్‌వే ఉంది. వైమానిక దళం ఇచ్చిన కొలతల ప్రకారం జాతీయ రహదారుల సంస్థ దీన్ని కట్టింది. మామూలు రోజుల్లో లారీలు, బస్సులు, గుంటూరు యార్డుకు వెళ్లే మిరప బస్తాల వాహనాలు దీనిమీదుగానే పోతాయి. సింగరాయకొండ దగ్గర ఇలాంటిదే మరొకటి చేపట్టారు.

ఇలాంటి కట్టడాలను అత్యవసర లాండింగ్ ఫెసిలిటీలంటారు. 2015 మే 21న యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మిరాజ్ 2000 దిగడం మన దేశంలో తొలి ప్రయోగం. 2021 సెప్టెంబరు 9న రాజస్థాన్‌లో బాడ్‌మేర్ దగ్గర సట్టా–గంధవ్ రహదారి రన్‌వేను ప్రారంభించారు. కొరిశపాడులో తొలి ట్రయల్ 2022 డిసెంబరు 29న జరిగింది. అప్పుడు విమానాలు నేలకు దగ్గరగా వచ్చి, చక్రం ఆనించకుండానే పైకి లేచి వెళ్లాయి. 2024 మార్చి 18న రెండోసారి జరిపినప్పుడు సుఖోయ్ 30, హాక్ యుద్ధ విమానాలు ఇలా చక్రం ఆనించని ఓవర్‌షూట్లకే పరిమితం కాగా, ఏఎన్ 32, డోర్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి మళ్లీ లేచాయి. రెండు ట్రయల్స్ నాటికీ ఈ చోటు బాపట్ల జిల్లాలో ఉంది.

రవాణా విమానం దిగడమే ఈ ప్రాంతానికి ముఖ్యమైన సంగతి. తుపాను తీరం దాటినప్పుడు సహాయ సామగ్రి తెచ్చేవి యుద్ధ విమానాలు కావు. 1977లో ఈ తీరానికి అలాంటి సౌకర్యం ఏదీ లేదు.

రహదారిని రన్‌వేగా మార్చడమంటే అన్నిటికన్నా ముందు ఖాళీ చేయడం. రాకపోకలను వేరే దారికి మళ్లిస్తారు, పోలీసులు రెండు వైపులా నిలబడతారు, మధ్య డివైడర్లు తీసేస్తారు, కాంక్రీటుమీద రాయి, బోల్టు, టైరు ముక్క లేకుండా ఊడుస్తారు. జెట్ ఇంజిన్ ముందుభాగం గాలితోపాటు దేన్నయినా లోపలికి లాగేసుకుంటుంది. చిన్న గులకరాయి చాలు, బ్లేడ్లు దెబ్బతింటాయి. కుక్కలు, పశువులు, పక్షులు, చూడటానికి వచ్చిన జనం అందరినీ దూరంగా ఉంచాలి. పౌర విమానాలకు ఈ రన్‌వే తెరిచి లేదు. ఈ తీరంలో ఆకాశమూ ఎప్పుడూ తెరిచి ఉండదు. తీరంలోనే బాపట్ల పక్కన ఉన్న సూర్యలంక వైమానిక దళ కేంద్రం క్షిపణి ప్రయోగాలకు పేరుపొందింది. 2023 డిసెంబరులో అస్త్రశక్తి విన్యాసంలో ఒకే ఆకాశ్ ఫైరింగ్ యూనిట్ నాలుగు లక్ష్యాలను ఒకేసారి కూల్చింది ఇక్కడే. ప్రయోగాల రోజుల్లో ఆ చుట్టుపక్కల ఆకాశాన్ని నోటమ్ (పైలట్లకు జారీచేసే ముందస్తు ప్రకటన) ద్వారా మూసేస్తారు. తీరం వెంబడి ఎగరాలనుకునే చిన్న విమానం పైలట్ బయల్దేరే ముందు నోటమ్ చూసుకోక తప్పదు.

హెలికాప్టర్లు

ఈ మైదానాలమీద ఎక్కువగా కనిపించే పౌర విమానం నిజానికి హెలికాప్టరే. అమరావతి రాజధాని అయ్యాక ముఖ్యమంత్రి, మంత్రుల పర్యటనలు పెరిగాయి. ఎన్నికల కాలంలో కాలేజీ మైదానం, కోత కోసిన పొలం రాత్రికి రాత్రి హెలిప్యాడ్ అవుతుంది. రోడ్లు భవనాల శాఖ నేల చదును చేస్తుంది, నీళ్లు చల్లి దుమ్ము అణచుతారు, సున్నంతో హెచ్ అక్షరం గీస్తారు, అగ్నిమాపక వాహనం, అంబులెన్సు పక్కన నిలుపుతారు. నల్లరేగడి ఎండితే దుమ్ము, తడిస్తే బురద. రోటరు గాలికి లేచిన దుమ్ములో ఆఖరి పది అడుగుల్లో పైలట్‌కు నేల కనబడకుండా పోవచ్చు. కళ్లాల్లో మిరప ఆరబెట్టే పట్టాలు ఎగిరి రెక్కలకు చుట్టుకునే ముప్పూ ఉంది. హెలిప్యాడ్ దగ్గరికి తోసుకొచ్చే జనం మరో ముప్పు.

తెలుగు ప్రజా జీవితంలో రెండు హెలికాప్టర్ ప్రమాదాలు చెరగని గుర్తులు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న బెల్ 206 కృష్ణా జిల్లా కైకలూరు ప్రాంతంలో చేపల చెరువులో కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు వెళ్తుండగా బెల్ 430 నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి అయిదుగురు మరణించారు. శకలాలు మర్నాటికి గాని దొరకలేదు. వర్షాకాలపు మేఘాలు, కొండ అడవి, వెనక్కి తిరగడమా ముందుకు పోవడమా అన్న నిర్ణయం అక్కడ కలిసి వచ్చాయి. వేళకు చేరాలన్న ఒత్తిడి ప్రముఖుల ప్రయాణాల్లో ఎప్పుడూ ఉంటుంది. కమర్షియల్ విమానం ఆలస్యమైతే ప్రయాణికులు గొణుక్కుంటారు, సభ ఆలస్యమైతే వేలమంది ఎండలో నిలబడి ఉంటారు. పైలట్ వద్దంటే వద్దనే అధికారం కాగితంమీద ఉంటే సరిపోదు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని మన్నించాలి.



వ్యవసాయ డ్రోన్లు

2021 ఆగస్టు 25న డ్రోన్ నిబంధనలు వచ్చాక ఈ మైదానాల ఆకాశంలో కొత్త వర్గం చేరింది. 2021–22లో నల్లతామర పురుగు మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు రైతులు రోజుల తేడాతో మందులు కొట్టారు. భుజాన తైవాన్ స్ప్రేయర్ మోస్తూ మందు పీల్చే కూలీకి బదులు డ్రోన్ వాడకం అప్పటినుంచి బాగా చర్చకొచ్చింది. గుంటూరు పక్కన లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్ శిక్షణకు డీజీసీఏ అనుమతి పొందింది. 2023లో కేంద్రం ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు అందించే లక్ష్యంతో వచ్చింది.

నిబంధనల ప్రకారం 2 కిలోలకు మించి 25 కిలోల దాకా బరువున్నవి చిన్న డ్రోన్లు, ఆపైన 150 కిలోల దాకా మధ్యస్థ డ్రోన్లు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులు. ఆ లోపల, మరింత దగ్గరగా, అనుమతి లేనిదే ఎగరేయరాదు. మందు డ్రోన్ పైరుమీద కొన్ని అడుగుల ఎత్తులోనే తిరుగుతుంది, శిక్షణ విమానం వెయ్యి అడుగుల్లో. రెండూ ఎదురుపడేది రన్‌వేకు దిగే దారిలో మాత్రమే. రన్‌వే చివర పత్తి చేలున్న చోట రైతుకూ శిక్షణ సంస్థకూ మధ్య ఒక ఫోన్ నంబరు ఉండడం ఏ కొత్త యంత్రం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

చట్టం, పర్యవేక్షణ

పౌర విమానయానానికి ఆధారమైన 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2024 వచ్చి 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. భద్రతా ప్రమాణాలు, లైసెన్సులు, తనిఖీలు డీజీసీఏ పని. ప్రమాద దర్యాప్తు 2012లో ఏర్పడిన ఏఏఐబీ పని. తప్పు ఎవరిదో తేల్చి శిక్షించడం దర్యాప్తు ఉద్దేశం కాదు, మళ్లీ జరగకుండా చూడడం ఉద్దేశం. 2025 నుంచి డీజీసీఏ శిక్షణ సంస్థలకు ర్యాంకులూ ఇస్తోంది.

కంటిచూపు నిబంధనల కింద ఎగరడానికి మన దేశంలో సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు దాకా సాధారణంగా అనుమతి లేదు. విమాన క్షేత్రానికి 10 కిలోమీటర్ల లోపల పశువులను కోసి వ్యర్థాలు పారేయడం, చెత్త వేయడాన్ని విమాన నిబంధనలు నిషేధిస్తాయి. కారణం గద్దలు, కాకులు. జలాశయం పక్కనే ఉన్న సాగర్ స్ట్రిప్‌కు నీటి పక్షులు కూడా తోడు.

ప్రతిపాదనలు

2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల జాబితాలో నాగార్జునసాగర్, ఒంగోలు పేర్లను కుప్పం, దగదర్తి, శ్రీకాకుళం, తాడేపల్లిగూడెం, తుని–అన్నవరంతోపాటు చేర్చింది. ఒంగోలుకు కొత్తపట్నం వైపు భూమి చూశారు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది. ఉడాన్ పథకంలో నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజీ నీటి విమానాశ్రయాలుగా ముందే గుర్తింపు పొందాయి.

సాగర్ స్ట్రిప్ విస్తరణకు మూడు హద్దులున్నాయి. ఒక పక్క జలాశయం. మరో పక్క దేశంలో అతిపెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యం. అన్నిటికీ మించి డ్యామ్ భద్రత. రన్‌వే పొడిగిస్తే పర్యాటక విమానాలు రావచ్చు, శిక్షణ విమానాలు కూడా అక్కడే కొనసాగవచ్చు. గంటకు 150 కిలోమీటర్ల లోపు వేగంతో దిగే సెస్నా, అంతకు ఎంతో ఎక్కువ వేగంతో వచ్చే ప్రయాణికుల విమానం ఒకే సర్క్యూట్‌లో కలిసినప్పుడు రేడియోలో చెప్పుకుని సర్దుకోవడం చాలదు. కంట్రోల్ టవర్, అగ్నిమాపక బండి, ప్రహరీ, వాతావరణ పరికరాలు విమానాలకన్నా ముందే రావాలి. సాధ్యాసాధ్యాల అధ్యయనాల్లో ఈ ఖర్చును ప్రయాణికుల అంచనాలతో సమానంగా తూచాల్సి ఉంటుంది.